ఆరంభశూరుడి ఆయుధపూజ

మన గేటెడ్ కమ్యూనిటీల్లో టెన్నిస్ అనే ఆటకు రెండు అంకాలు. మొదటి అంకంలో రాకెట్ ఎంచుకుంటారు. దీనికి ఒక వానాకాలమంతా పడుతుంది. రెండో అంకంలో కోర్టులోకి దిగుతారు. ఇది మామూలుగా రెండో శనివారానికి ముగుస్తుంది. అసలు ఆటంతా మొదటి అంకంలోనే అయిపోతుందని తెలియక, రెండోది చూద్దామని కోర్టు పక్కన కుర్చీ వేసుకుని కూర్చునేది పాపం సెక్యూరిటీ గార్డు ఒక్కడే.

మన వీరుడికి పేరు అక్కర్లేదు. నలభై దాటాయి. గచ్చిబౌలిలో ఆఫీసు, కోకాపేటలో ఇల్లు, ఇంటి కింద టెన్నిస్ కోర్టు. ఆ కోర్టుకు నెలనెలా మెయింటెనెన్స్ కడుతున్నాడు కానీ, పుట్టినరోజు భోజనాలకు తప్ప ఎన్నడూ అందులో కాలు పెట్టలేదు. జులైలో ఒక ఆదివారం రాత్రి వింబుల్డన్ ఫైనల్ చూశాడు. సోమవారం డాక్టరు షుగరు రిపోర్టు చూసి పెదవి విరిచాడు. ఈ రెండూ కలిసి వీరుడిలో ఆటగాణ్ని నిద్రలేపాయి. నిద్రలేచిన ఆటగాడు చేసిన మొదటి పని ఎక్సెల్ షీటు తెరవడం.

అందులో ఏముండాలో అన్నీ ఉన్నాయి. తల ఎన్ని చదరపు అంగుళాలు, బరువు ఎన్ని గ్రాములు, బరువు పిడి వైపుందా తల వైపుందా, నిలువు తీగలెన్ని, అడ్డ తీగలెన్ని, ఫ్రేము ఎంత బిర్రుగా ఉంది, ఊపితే తెలిసే బరువు, అదే స్వింగ్‌వెయిట్, ఎంత. బ్యాక్‌హ్యాండ్ అంటే ఏ వైపు నుంచి కొట్టాలో తెలియకముందే స్వింగ్‌వెయిట్ మీద వీరుడికి గట్టి అభిప్రాయాలు ఏర్పడ్డాయి. 16 నిలువు, 19 అడ్డం ఉన్న అల్లికయితే బంతి ఎక్కువ తిరుగుతుందనీ, 18 నిలువు, 20 అడ్డమయితే గురి కుదురుతుందనీ ఆఫీసు క్యాంటీన్లో నలుగురికి చెప్పాడు. ఆ నలుగురూ మర్నాటికి మరో పదహారు మందికి చెప్పారు. వీళ్లలో ఒక్కడైనా నెట్ అవతలికి బంతి కొట్టినవాడు లేడు. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అన్న పెద్దలకు ఎక్సెల్ తెలియదు కానీ, తెలిస్తే సోమలింగానికి స్వింగ్‌వెయిట్ కూడా వేసేవాళ్లు.

ఇక దుకాణం. అక్కడ కుర్రాడు ఒకే ఒక్క ప్రశ్న అడుగుతాడు. "సార్, మీది ఏ లెవెల్?"

ఇంత ప్రమాదకరమైన ప్రశ్న ఇంకొకటి లేదు. దీనికి సరైన జవాబు "ఇప్పుడే మొదలుపెడుతున్నా బాబూ" అని. మూడు ముక్కలు. అప్పులున్నాయని ఒప్పుకుంటాం, బీపీ ఉందని ఒప్పుకుంటాం, ఆఖరికి అల్లుడి మాట వినాల్సొస్తోందని కూడా ఒప్పుకుంటాం. ఒక పని మనకు రాదని, ఇప్పుడే నేర్చుకుంటున్నామని మాత్రం అపరిచితుడైన సేల్స్ కుర్రాడి ముందు కూడా ఒప్పుకోం. వీరుడు ఒకసారి గొంతు సవరించుకుని, "ఇంటర్మీడియట్" అన్నాడు. అబద్ధమేం కాదు. ఎంపీసీలో తొంభై నాలుగు శాతం.

"అయితే ఇది చూడండి సార్. ఫెడరర్ వాడేది."

కథ ఇక్కడే అయిపోయింది. మిగిలినదంతా బిల్లు.

ఆ రాకెట్ తల 97 చదరపు అంగుళాలు, బరువు తీగలు లేకుండానే 340 గ్రాములు. వీరుడు చేతిలోకి తీసుకుని గాల్లో రెండుసార్లు ఊపాడు. తేలిగ్గానే ఉంది. ఏసీ షోరూములో ఏ రాకెట్టూ బరువుండదు. కొత్తగా నేర్చుకునే పెద్దవాళ్లకు సరిపోయే రాకెట్ 270, 280 గ్రాములుంటుంది. తేడా అరవై గ్రాములే కదా అంటారా? టెన్నిస్ బంతి ఒకటి అంత బరువే ఉంటుంది. బరువైన రాకెట్లలో భారం చాలావరకు పిడి వైపే ఉంచుతారన్నది నిజమే. ఎటువైపు ఉంచినా మోయాల్సింది మాత్రం ఇరవయ్యేళ్లుగా మౌస్ తప్ప ఏదీ కదపని ఆ చెయ్యే.

ఇంతకీ ఆ ఫెడరర్ ఏం చేశాడో చూడండి. 2013 వింబుల్డన్‌కి వచ్చేసరికి 17 గ్రాండ్‌స్లామ్‌లు గెలిచిన మనిషి. చేతిలో 90 చదరపు అంగుళాల చిన్న తల రాకెట్. రెండో రౌండ్లోనే స్టఖోవ్‌స్కీ చేతిలో ఓడిపోయాడు. నా రాకెట్ నాకు దేవుడిచ్చిన వరం అని మొండికేయలేదు. పెద్ద తల రాకెట్లు తెప్పించుకుని పరీక్షించాడు, వాటితో చిన్న టోర్నీల్లో ఓడిపోయాడు కూడా, చివరికి 2014లో 97కి మారాడు. 2017లో ముప్పై అయిదేళ్ల వయసులో ఆస్ట్రేలియన్ ఓపెన్ గెలిచింది దానితోనే. అంటే ఆ ఆటలో అందరికంటే సొగసుగా బంతి కొట్టిన మనిషి, బంతి సరిగ్గా తగలడం లేదు, ఇంకో ఏడు చదరపు అంగుళాల సాయం కావాలని నలుగురి ముందూ ఒప్పుకున్నాడు. కోకాపేటలో మాత్రం ఎవరికీ సాయం అక్కర్లేదు.

సాయం అంటే గుర్తొచ్చింది. పెద్ద తల రాకెట్‌ని కనిపెట్టినవాడి కథ ప్రతి టెన్నిస్ దుకాణం గోడ మీదా రాసి పెట్టాలి. రాస్తే వ్యాపారం పడిపోతుంది కాబట్టి రాయరు. ఆయన పేరు హోవర్డ్ హెడ్. అమెరికాలో విమానాల ఇంజనీరు. విమానాల్లో వాడే లోహాలతో మంచు మీద జారే స్కీలు తయారుచేసి బాగా గడించాడు. 1969లో కంపెనీ అమ్మేసి, ఊరికే కూర్చోలేక టెన్నిస్ మొదలుపెట్టాడు. రాలేదు. మాస్టారిని పెట్టుకున్నాడు. రాలేదు. బంతులు విసిరే యంత్రం కొన్నాడు. ఆ యంత్రం పనితనం నచ్చక దాన్ని బాగుచేస్తూ, ఆఖరికి దాన్ని తయారుచేసే ప్రిన్స్ కంపెనీలోనే చేరిపోయాడు. యంత్రం బాగుపడింది, ఆట మాత్రం రాలేదు.

ఇక్కడ మనవాడయితే యంత్రాన్ని బాల్కనీలో బట్టలారేసుకోవడానికి వాడుకునేవాడు. హెడ్ కూర్చుని, తనకెందుకు రావడం లేదో ఆలోచించాడు. బంతి తీగల నడిమధ్య తగిలితే పర్వాలేదు. కొంచెం పక్కకు తగిలితే రాకెట్ పిడి చేతిలో గిర్రున తిరిగిపోతోంది, బంతి ఎటో పోతోంది. బంతి తీగల మీద ఉండేది సెకనులో రెండు వందలో వంతు. ఆ కాస్తలో పిడి తిరగకుండా పట్టుకోవడం కొత్తవాడి మణికట్టుకు చేతకాదు. మరి రాకెట్‌నే తిరగనివ్వకుండా చేస్తే? వెడల్పు పెంచితే తిప్పడం కష్టమవుతుంది. ఇంజనీరుకిది చిన్న లెక్క. అప్పటి చెక్క రాకెట్ల తల 70 చదరపు అంగుళాల లోపే. హెడ్ తయారుచేసి 1976లో బజారులో పెట్టించిన రాకెట్ తల 110. పెద్దమనుషులు నవ్వారు. రెండేళ్లు తిరిగేసరికి పామ్ ష్రైవర్ అనే పదహారేళ్ల పిల్ల ఆ వెడల్పాటి రాకెట్ పట్టుకుని, సెమీఫైనల్లో నవ్రతిలోవాను ఓడించి, యూఎస్ ఓపెన్ ఫైనల్‌కి వెళ్లింది. నవ్వు ఆగింది. ఆ తర్వాత చెక్క రాకెట్లు మ్యూజియంకు నడిచాయి.

కాబట్టి ఇవాళ వీరుడు మీసం మెలేసి పట్టుకున్న ఆయుధం వంశవృక్షంలో మూలపురుషుడు ఛాంపియన్ కాడు. ఆట రాక, రావడం లేదని సిగ్గుపడకుండా ఒప్పుకున్న ఒక రిటైరయిన ఇంజనీరు. ఆయన కనిపెట్టింది కొత్తవాళ్ల కోసం. మనవాళ్లు సిగ్గుపడేది దాన్ని కొనడానికే. "పెద్ద తలా? అది బిగినర్స్‌కి కదా!" అని అదేదో అంటురోగంలా పక్కకు నెట్టేస్తారు.

ఫెడరర్ వాడేది అన్న మాట మీద ఇంకో చిన్న సంగతి. పెద్ద ఆటగాళ్ల రాకెట్లను వాళ్ల చేతికి తగినట్టు ప్రత్యేకంగా సరిచేస్తారు. అంచుల కింద సీసపు పట్టీలు అంటిస్తారు, పిడి లోపల బరువు నింపుతారు. కొందరైతే ఎప్పుడో పదేళ్ల కిందటి పాత ఫ్రేమునే వదలకుండా ఆడుతూ, పైన ఈ ఏడాది మోడల్ రంగు మాత్రం వేయించుకుంటారు. ఇది ఆ రంగంలో అందరికీ తెలిసిన బహిరంగ రహస్యం. అంటే టీవీలో కనిపించేదానికీ దుకాణంలో వేలాడేదానికీ ఉన్న చుట్టరికం ఒక్కోసారి పెయింటు వరకే. ఆ పెయింటుకి 20 వేల పైమాట. మూడేళ్లకోసారి పెయింటు మారుతుంది, దాంతోపాటు లోపలి మహత్తు కూడా మారుతుంది. ఒకప్పుడు టైటానియం, తర్వాత లిక్విడ్ మెటల్, ఆ తర్వాత గ్రాఫీన్. రేపు భస్మం కలిపామన్నా కొంటాం. హరిద్వార్‌దయితే ఇంకో రెండు వేలు ఎక్కువిస్తాం.

మరి కొత్తగా పట్టేవాడికి ఏది కావాలి? ఇది చెప్పడానికి ఒక పేరా చాలు, అందుకే ఎవరూ చెప్పరు. పెద్దవాళ్లయితే 27 అంగుళాల పొడవు. తల 100 నుంచి 105 చదరపు అంగుళాలు. బరువు 260 నుంచి 285 గ్రాములు. మరీ తేలికదయితే బంతి తాకిడికి అదురు చేతికెక్కుతుంది, కాబట్టి అదీ వద్దు. పిడి పట్టుకుంటే వేళ్ల కొసలకూ అరచేతి కండకూ మధ్య రెండో చేతి చూపుడు వేలు పట్టేంత సందు ఉండాలి. అనుమానమొస్తే కాస్త సన్నటిదే తీసుకోవాలి, పైన ఓవర్‌గ్రిప్ చుట్టి లావు చేసుకోవచ్చు కానీ లావుదాన్ని చెక్కలేం. తీగలు మెత్తటివి, ఫ్రేము మీద అచ్చువేసిన పౌండ్లలో కింది సగంలో బిగించినవి. ఇలాంటిది పెట్టెలోంచి తీగలతో సహా వస్తుంది, ఫెడరర్ పేరు మీదున్నదాని ధరలో మూడోవంతుకే దొరుకుతుంది. అయిపోయింది. ఇందులో ఎక్సెల్‌కి పనేముంది?

ఇంకో తెగ ఉంది. వీళ్లు సూపర్ మార్కెట్లో పప్పులూ ఉప్పులతోపాటు రెండు అల్యూమినియం రాకెట్లు, ఒక బంతి, ఒక సంచీ కలిపి ఉన్న సెట్టు కొంటారు. జనం వీళ్లను చూసి నవ్వుతారు. నేను నవ్వను. ఆ రేకు రాకెట్ చేతిలో డప్పులా మోగుతుంది, నిజమే. అయినా మొదటి నెలకు వీరుడి ఖడ్గం కంటే అదే నయం. కనీసం అది పాడవుతుందన్న భయం లేకుండా ఆడతారు.

మళ్లీ దుకాణానికి. ఖరీదైన రాకెట్‌కి తీగలుండవని వీరుడికి అప్పుడే తెలిసింది. రెండు వేల రాకెట్‌కి తీగలుంటాయి, ఇరవై వేలదానికి ఉండవు! ఎవరికి వాళ్లు కావాల్సినట్టు గట్టింగ్ చేయించుకోవాలి. అవమానం దిగమింగి వీరుడు దీన్ని కూడా గౌరవంగానే భావించాడు.

"పాలీ వెయ్యమంటారా సార్? నాదల్ వేసేది."

"అదే వెయ్యి."

"ఎన్ని పౌండ్లు సార్?"

"ఎంత పడితే అంత బిగించు."

ఈ నాలుగు మాటల్లో ఒక మోచెయ్యి భవిష్యత్తు తేలిపోయింది. పాలిస్టర్ తీగలు బాగా బిర్రుగా ఉంటాయి. 1997లో గుస్తావో కుయెర్టెన్ వాటితో ఫ్రెంచ్ ఓపెన్ గెలిచాక ఆ తీగల జాతకం మారింది. రాకెట్‌ని కొరడాలా ఝళిపించేవాళ్ల చేతిలో అవి బంతిని బొంగరంలా తిప్పుతాయి. మెల్లగా తోసేవాళ్ల చేతిలో బంతి చప్పగా వచ్చి చప్పగా పోతుంది, తాకిడి మాత్రం నేరుగా మోచేతికి వస్తుంది. మామూలు తీగలు గట్టిగా కొడితే తెగుతాయి కాబట్టి గట్టిగా కొట్టేవాళ్లు పాలీ వేస్తారు. వీరుడు కొట్టే దెబ్బకు తీగ కాదు కదా సాలెగూడు కూడా తెగదు. పౌండ్ల సంగతి మరీ విడ్డూరం. గట్టిగా బిగిస్తే బంతి గట్టిగా పోతుందని మన నమ్మకం. జరిగేది దానికి సరిగ్గా తలకిందులు. తీగ బిగిసేకొద్దీ బంతికి ఊపు తగ్గుతుంది, వదులయ్యేకొద్దీ పెరుగుతుంది. బిగించేది గురి కోసం, అంటే బలం ముందే ఉన్నవాళ్ల కోసం. మన వీరుడు తనకు లేని బలాన్ని అదుపు చేయడానికి అదనంగా డబ్బు కట్టి వచ్చాడు.

చేతికి అన్నిటికంటే మెత్తగా ఉండే తీగ ఇంకొకటి ఉంది. న్యాచురల్ గట్ అంటారు. ఆ పేరు చూసి ఆర్గానిక్ అనుకునేరు. అది ఆవు పేగు. ఫ్రాన్స్‌లోని లియోన్ నగరంలో బాబొలా కంపెనీ 1875 నుంచీ పేగు తీగల మీదే పెరిగింది. వీరుడి ఇంట్లో దసరాకి కారుతోపాటు రాకెట్‌కి కూడా పసుపూ కుంకుమా పెట్టి, నిమ్మకాయ కట్టి, అగరొత్తి వెలిగిస్తారు. అలాంటి ఇంట్లో పేగు తీగలు వేయించినవాళ్లు ఉంటే, ఈ పేరా ఇంట్లో పెద్దవాళ్లకు చదివి వినిపించకపోవడం మంచిది.

తీగల మధ్య ఇరికించే చిన్న రబ్బరు బొత్తాం కూడా వీరుడు కొన్నాడు, మోచేతికి రక్షణ అని. అది దెబ్బ చప్పుడును మారుస్తుంది, అంతే. చేతికి చేరే తాకిడి దాని మాట వినదు. అగస్సీ అయితే ఆ పనికి ముడేసిన రబ్బరు బ్యాండు వాడేవాడు.

ఇప్పుడు వీరుడి పుత్రరత్నం. ఎనిమిదేళ్లు. తండ్రికి కొన్నాక కొడుక్కి కొనకపోతే ఇంట్లో మాట వస్తుంది. ఆ వయసు పిల్లలకు 23, 25 అంగుళాల రాకెట్లుంటాయి. పిల్లాణ్ని నిటారుగా నిలబెట్టి, చెయ్యి కిందికి వేలాడదీసి రాకెట్ పట్టిస్తే దాని కొస నేలకు ఆనీ ఆనకుండా ఉండాలి, అదీ కొలత. వీరుడు 27 కొన్నాడు. "పెరిగే పిల్లాడు కదా!" బడి తెరిచేటప్పుడు రెండేళ్లకు సరిపడా యూనిఫాం కుట్టించే వంశం. చొక్కా చేతులయితే మడిచి కుట్టొచ్చు, రాకెట్‌ని ఎక్కడ మడుస్తారు? ఆ పిల్లాడు రెండు చేతులతో దాన్ని లేపి, అది తిరిగే దిక్కుకు తనూ తిరిగి, బంతి వెళ్లిపోయాక ఆగుతాడు. అది చూసి తండ్రి "వీడికి ఫోకస్ లేదు" అంటాడు.

అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య 2012 నుంచి పదేళ్లలోపు పిల్లల పోటీల్లో మామూలు పసుపు బంతి వాడకూడదని నియమం పెట్టింది. వాళ్లకు ఎర్ర, నారింజ, ఆకుపచ్చ బంతులు. ఎర్రది బాగా నెమ్మదిగా వస్తుంది, పిల్లాడి నడుం దగ్గర ఆగి పలకరిస్తుంది. మామూలు బంతి వాడి నెత్తి మీదుగా పోతుంది. కోచ్ ఎర్ర బంతుల బుట్ట తెస్తే వీరుడు ముఖం మాడ్చుకున్నాడు. "ఇవి పిల్లలాట బంతులు. మావాడికి అసలు బంతి వెయ్యండి." ఎనిమిదేళ్లవాడిది పిల్లలాట కాక మరేమిటని అడిగే ధైర్యం కోచ్‌కి లేదు, ఫీజు ఇంకా రాలేదు. 2005లో సానియా మీర్జా హైదరాబాద్ ఓపెన్ గెలిచినప్పటి నుంచి ఆమె ఆరేళ్లకే ఆట మొదలుపెట్టిందన్న ముక్క ఈ ఊళ్లో ప్రతి తండ్రికీ కంఠతా వచ్చు. ఆరేళ్ల పిల్ల చేతికి ఎంత పొడవు రాకెట్ సరిపోతుందని ఆలోచించిన తండ్రి మాత్రం నాకు ఇంతవరకు తగల్లేదు.

ఈ వ్యవహారంలో అమెరికా చెయ్యి లేకపోతే ఎలా? టెక్సస్‌లో ఫ్రిస్కోలో ఉన్న బావమరిది వీడియో కాల్ చేశాడు. అక్కడ అతని కూతురు టెన్నిస్ ఆడుతోంది, కాలేజీ అడ్మిషన్‌కి పనికొస్తుందని. అంటే ఆ పిల్ల ఆడుతోంది, తండ్రి రేటింగు చూస్తున్నాడు. ఆ రేటింగు పదహారున్నర దాకా పోతుంది. పిల్లది మూడు దగ్గర ఆగింది. బావమరిది నాలుగో రాకెట్ మార్చాడు.

"బావా, ఇక్కడయితే డెమో రాకెట్లు ఇస్తారు. వారం ఆడి చూసి, నచ్చకపోతే తిరిగిచ్చేయొచ్చు."

"మరి నువ్వు అలా తెచ్చావా?"

"ఎందుకు బావా, వాడినవి మనకెందుకు? కొత్తదే కొన్నా. అన్నట్టు, ఒక్కటి సరిపోదు. మ్యాచ్ మధ్యలో గట్ తెగితే? సంక్రాంతికి వచ్చేటప్పుడు ఇంకోటి తెస్తా, అదే మోడల్."

ఈ మొత్తం సంభాషణలో పనికొచ్చే మాట మొదటిదొక్కటే. కొనేముందు ఆడి చూడటం. అది మన ఊళ్లోనూ కుదురుతుంది, ఏ క్లబ్బుకు వెళ్లి ఎవర్నడిగినా అయిదు నిమిషాలు రాకెట్ చేతికిస్తారు. కానీ అడగాలంటే, నాకు రాదు అని చెప్పాలి. మళ్లీ అదే గండం.

ఇక రెండో అంకం. కోర్టులోకి వీరుడి ప్రవేశం తెల్లవారి ఆరు గంటలకు. భుజాన పన్నెండు రాకెట్లు పట్టే కిట్ బ్యాగు. పెద్ద ఆటగాళ్లు అరడజను రాకెట్లు మోసుకెళ్లేది తీగలు తెగుతాయని, ఆట సాగేకొద్దీ బిగువు సడలుతుందని. వీరుడి బ్యాగులో ఒక రాకెట్, ఒక తువ్వాలు, రెండు అరటిపళ్లు, ఫిల్టరు కాఫీ ఫ్లాస్కు. నెత్తిన పట్టీ, మణికట్టుకు రెండు పట్టీలు. కోచ్ స్కూటరు మీద వచ్చాడు. చేతిలో రంగు వెలిసిన పాత రాకెట్, దాని గ్రిప్పు చెమటకు నల్లబడింది. వీరుడు ఆ రాకెట్ వైపు జాలిగా చూశాడు.

పావుగంటలో బంతులన్నీ అవతలి టవరు పార్కింగులోకి వెళ్లాయి. కోచ్ మర్యాదగా, "సార్, ముందు బంతిని చూడండి. రాకెట్ సంగతి తర్వాత" అన్నాడు. కోచ్‌లలో రెండు రకాలు. దుకాణంతో లెక్క కుదుర్చుకుని ఆర్నెల్లకోసారి రాకెట్ మార్పించేవాడు ఒకడు, వాడికి శిష్యులు ఎక్కువ. ఉన్న మాట చెప్పేవాడు ఇంకొకడు, వాడికి స్కూటరు. ఇతను రెండో రకం. వారం తిరక్కుండానే వీరుడు కోచ్‌ని మార్చాడు.

రెండో వారానికి నిర్ధారణ జరిగింది. తప్పు రాకెట్‌ది. ఆడలేక మద్దెల ఓడు అన్నవాడయినా మద్దెల ఒక్కదాన్నే అన్నాడు. వీరుడు తీగలనన్నాడు, గ్రిప్పునన్నాడు, కోర్టు ఉపరితలాన్నన్నాడు, తూర్పున సూర్యుణ్నన్నాడు. ఈ రాకెట్‌లో కంట్రోలు ఎక్కువయి పవరు తక్కువయిందని కమ్యూనిటీ వాట్సాప్ గ్రూపులో ఒక వ్యాసం రాశాడు. దానికి నలభై బొటనవేళ్లు లేచాయి.

నిజానికి రాకెట్ దానంతటదే ఆట గెలిపించిన సందర్భం చరిత్రలో ఒకటుంది. 1977లో స్పగెట్టీ రాకెట్ అని ఒకటి బయల్దేరింది. రెండు పొరల తీగలు, మధ్యలో ప్లాస్టిక్ గొట్టాలు. బంతి తగలగానే తీగలు పక్కకు జరిగి, వెనక్కి లాక్కుని, బంతిని ఎలా తిప్పేవంటే అది నేలను తాకాక ఎటు లేస్తుందో ఎవరికీ అంతుపట్టేది కాదు. ఆ ఏడాది మట్టి కోర్టుల మీద వరసగా 53 మ్యాచ్‌లు గెలిచి ఓటమన్నది ఎరగని గిలెర్మో విలాస్, ఫ్రాన్స్‌లో ఒక ఫైనల్లో ఈ రాకెట్ పట్టిన నస్టాసేకి రెండు సెట్లు పోగొట్టుకుని, ఇదేం ఆట అని మధ్యలోనే లేచి వెళ్లిపోయాడు. ఆ నెలలోనే దాన్ని నిషేధించారు. అసలు రాకెట్ అంటే ఎలా ఉండాలన్న నియమం టెన్నిస్‌లో పుట్టిందే ఆ గొడవ తర్వాత. అంతవరకు చీపురుకట్టతో ఆడినా అడిగేవాడు లేడు. నిజంగా ఆట గెలిపించే రాకెట్ ఉంటే అది దుకాణంలో ఉండదు, నిషేధంలో ఉంటుంది. ఈ సంగతి చెబితే వీరుడు అడిగిన మొదటి ప్రశ్న, "అది ఇప్పుడు ఎక్కడైనా దొరుకుతుందా?"

మూడో వారం మోచెయ్యి పలికింది. బయటి ఎముక దగ్గర సూదితో పొడిచినట్టు. చెంబు ఎత్తలేడు, తాళం తిప్పలేడు. ఈ నొప్పికి టెన్నిస్ పేరు పెట్టి నూట నలభై ఏళ్లు దాటింది. 1880లలోనే ఇంగ్లండ్ డాక్టర్లు దీని గురించి రాశారు. ఆలస్యంగా, మణికట్టు విరిచి కొట్టే బ్యాక్‌హ్యాండ్, బిర్రు తీగలు, బరువు, పిడిని పీక పిసికినట్టు పట్టుకోవడం, అన్నీ తలా ఒక చెయ్యి వేసి ఆ చేతిని పడగొడతాయి. ఫిజియోథెరపీ అమ్మాయి ఆర్నెల్లు రాకెట్ ముట్టుకోవద్దంది. వీరుడి ముఖంలో విషాదం కాదు, గర్వం. 2004లో సచిన్‌కి వచ్చిందీ ఇదేనట. సచిన్‌తో సమానమైన జబ్బు మూడు వారాల్లో సంపాదించడం మాటలు కాదు. మోచేతికి నల్ల పట్టీ కట్టుకుని ఆఫీసుకు వెళ్లాడు. ఎవరైనా అడిగితే "టెన్నిస్" అని ఒక్క మాట అని ఆగిపోయేవాడు. ఆ ఒక్క మాటకు అతను పెట్టిన ఖర్చు, కట్టించిన గట్టింగులు, తెచ్చుకున్న బ్యాగు, అన్నీ గిట్టుబాటయినట్టే.

రాకెట్ అమ్మకానికి వచ్చింది. "కొత్తదే. రెండుసార్లే వాడాం. ఫెడరర్ మోడల్. సీరియస్‌గా కొనేవాళ్లే ఫోన్ చెయ్యండి." పద్నాలుగో అంతస్తులో ఒకాయన సగం ధరకు తీసుకున్నాడు. ఆయనకు యాభై రెండు. ఏ లెవెల్ అని వీరుడు అడిగితే ఆయన ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. "ఇంటర్మీడియట్."

ఈలోగా కమిటీ సమావేశం జరిగి, టెన్నిస్ కోర్టు ఖాళీగా పడి ఉంటోందని, దాని మీద పికిల్‌బాల్ గీతలు గీయించాలని తీర్మానమయింది. ఒక టెన్నిస్ కోర్టులో నాలుగు పికిల్‌బాల్ కోర్టులు పడతాయి, కాబట్టి ఒక్కసారే పదహారు మంది ఆరంభశూరులకు చోటు. దానికి తీగలుండవు, గట్టింగ్ గొడవ లేదు, ముసలీ ముతకా కూడా అరగంటలో నేర్చుకోవచ్చని అందరూ సంతోషించారు. ఇందులో ఎంచుకోవడానికి ఏముంటుంది, చెక్క అట్టలాంటి చిన్న ప్యాడిల్ ఒకటి, ప్లాస్టిక్ బంతి ఒకటి అని సెక్రటరీ గారు అన్నారు.

ఆ రాత్రి పదకొండింటికి వీరుడు కొత్త ఎక్సెల్ షీటు తెరిచి, నల్ల పట్టీ చేత్తోనే ఫ్రిస్కోకి ఫోన్ కలిపాడు.

"ఒరేయ్, ప్యాడిల్ లోపల మందం 14 మిల్లీమీటర్లు మంచిదా, 16 మంచిదా?"

"నీ లెవెల్‌ని బట్టి ఉంటుంది బావా. సర్లే, రెండూ తెస్తా."